రామేశ్వరం 22 బావుల స్నానం: పాతిక రూపాయల టికెట్టుకి ఏం వస్తుంది, ఎక్కడ జారుతుంది

రామేశ్వరంలో పాతిక రూపాయలు, అటూ ఇటుగా, పెట్టి కొనదగ్గవి రెండున్నాయి. ఒకటి గుడి వీధుల్లో డబరాలో పోసిచ్చే ఫిల్టర్ కాఫీ. రెండోది రామనాథస్వామి గుళ్లో 22 తీర్థాల స్నానానికి ఇచ్చే టికెట్టు. ఆలోచిస్తే రెండిట్లోనూ అసలు సరుకు మంచినీళ్లే. నాలుగు వైపులా ఉప్పు సముద్రమున్న దీవి ఇది. తూర్పు గోపురం దాటి నాలుగడుగులు వేస్తే సముద్రం. అలాంటి చోట ఒకే ప్రహరీ లోపల ఇరవై రెండు చోట్ల తాగదగ్గ నీళ్లు ఊరడం, వాటిని మన నెత్తిన పొయ్యడానికి మనుషులు తెల్లవారకముందే చేదలు పట్టుకుని నిలబడడం, మొత్తం పాతిక రూపాయలకి! సేవగా చూస్తే దేశంలో ఇంత చవకైనది అరుదు. కానీ వేళ తప్పి వెళ్తే మాత్రం ఇదే స్నానం తోపులాటా, బేరాలూ, నడుంనొప్పీ అయి ఊరుకుంటుంది.

ముందు పద్ధతి చెప్పుకుందాం. మొదటి మునక గుళ్లో కాదు, బయట సముద్రంలో. దాన్ని అగ్నితీర్థం అంటారు. పేరు విని భయపడక్కర్లేదు. అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది, అలలు ఉండవు. ఇది పాక్ జలసంధి వైపు ఒడ్డు. నడుము లోతు రావాలంటే కాస్త దూరం నడవాలి. కాళ్ల కింద రాళ్లూ, నాచూ, జనం వదిలిపెట్టిన పాత బట్టలూ తగులుతుంటాయి కాబట్టి పాదం ఈడ్చుకుంటూ వెళ్లడం మేలు, ఎత్తి వెయ్యకూడదు. వేసుకున్న బట్టలు సముద్రంలో వదిలెయ్యాలన్న మాట ఎవరైనా చెప్పినా వినకండి. ఆ బట్టలే తర్వాత వచ్చేవాళ్ల కాళ్లకి చుట్టుకుంటున్నాయి. ఒడ్డున సంకల్పం చెప్పించే పురోహితులుంటారు. తెలుగులో చెప్పేవాళ్లు కూడా దొరుకుతారు. పీట మీద కూర్చోకముందే సంభావన ఎంతో అడిగి తేల్చుకోవాలి. కూర్చున్నాక అడిగితే అది బేరం అవదు, గొడవ అవుతుంది.

అక్కణ్ణించి తడిబట్టలతోనే నడిచి వచ్చి ఉత్తర గోపురం వైపు తీర్థాల వరుసలో నిలబడాలి. టికెట్టు అక్కడే. గుడి పొద్దున అయిదింటికి తెరిచి మధ్యాహ్నం ఒంటిగంటకి మూస్తారు, మళ్లీ మూడింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా. అయితే చేదలవాళ్లు గుడి మూసేదాకా తోడుతూ కూర్చోరు. పన్నెండు దాటితే మధ్యాహ్నానికీ, సాయంత్రం చీకటి పడితే ఆ రోజుకీ స్నానాలు అయిపోయినట్టే. ఉదయం ఆరు, ఆరున్నర మధ్య వరుసలో ఉన్నవాళ్లకి మొత్తం చుట్టు ముప్పావు గంట నుంచి గంటలో ముగుస్తుంది. తొమ్మిదింటికి బస్సుల జనం దిగాక అదే చుట్టు రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. సెలవు రోజైతే చెప్పక్కర్లేదు.

ఇక చేద. ఈ సేవ బాగుందా లేదా అన్నది చివరికి దీని మీదే తేలుతుంది. గిలక ఉండదు. మనిషి బావి గట్టు ఎక్కి, రెండు పాదాలూ అంచుకి ఆనించి, చాంతాడు చుట్టలు ఎడమచేతిలో పెట్టుకుని నిలబడతాడు. చిన్న బకెట్టుని ఊరికే వదలడు, మణికట్టు ఒక్క విసురు విసురుతాడు. అలా విసిరితేనే బకెట్టు బోర్లా పడి నీళ్లలో మునుగుతుంది. నిలువుగా దింపితే నీటి మీద తేలుతూ కూర్చుంటుంది. నాలుగు లాగుళ్లలో పైకి తెచ్చి, అంచుకి కొట్టుకోకుండా మోకాలితో ఆపి, అదే ఊపులో ముందున్న వరుస మీదికి వంచుతాడు. ఒక చేదని ఇద్దరికో ముగ్గురికో పంచాలంటే నీళ్లు పలచటి పరదాలా విచ్చుకోవాలి. అది చేయి తిరిగినవాడికే వస్తుంది. కొత్తవాడైతే మొత్తం ఒకరి నెత్తినే పడి, పక్కనున్నవాళ్లకి తుంపర మిగులుతుంది. మీకు సరిగా తగల్లేదనిపిస్తే కదలకుండా నిలబడి చెయ్యి చూపిస్తే చాలు, మళ్లీ పోస్తారు. తమిళంలో రెండు ముక్కలు వస్తే ఇంకా మంచిది. ‘మెదువా’ అంటే మెల్లిగా, ‘పోదుం’ అంటే చాలు. ‘కొంజం’ అంటే మన కొంచెమే. చంటిపిల్లలున్నప్పుడు ఈ మూడు మాటలూ వరసగా వాడుకోవాల్సి వస్తుంది.

స్నానానికి రెండు దారులున్నాయి. మొదటిది టికెట్టు దారి: ప్రతి బావి దగ్గరా ఒక మనిషి ఉంటాడు, వరుసలో వచ్చిన అందరికీ పోస్తుంటాడు. రెండోది, ఒక చేదమనిషి మీ కుటుంబంతో పాటే బావి నుంచి బావికి నడుస్తూ మీకు మాత్రమే తోడడం. మొదటిదానికి పాతిక, రెండోదానికి వాళ్లు చెప్పిందీ మీరు ఒప్పుకున్నదీ. మనిషికి వందల్లోకి వెళ్తుంది. పెద్దవాళ్లో, మోకాళ్ల నొప్పులవాళ్లో, చిన్నపిల్లలో ఉంటే రెండోది పనికొస్తుంది. ఎందుకంటే ఆ మనిషి దారి చూపిస్తాడు, ఏ బావీ తప్పిపోనివ్వడు, తొందర పెట్టడు. నడవగలిగినవాళ్లకి అది దండగ. నీళ్లు అవే, చేద అదే. స్టేషన్లోనో లాడ్జి గుమ్మంలోనో తగులుకుని ‘స్పెషల్ స్నానం, స్పెషల్ దర్శనం, అన్నీ కలిపి’ అనే దళారి చేతిలో మాత్రం పడొద్దు. అతనికిచ్చిన డబ్బులో చేద పట్టినవాడి దాకా వెళ్లేది ఎంతో మనకి తెలియదు. ఇవ్వాలనిపిస్తే నేరుగా తోడినవాడి చేతిలో పెట్టండి. అందుకోసం పది, ఇరవై నోట్లు జిప్పు కవర్లో వేసుకుని జేబులో ఉంచుకోవాలి.

దేనివల్ల చెడుతుందో ఇప్పుడు చెప్పాలి. మొదటిది బట్టలు. జీన్సు వేసుకొచ్చినవాళ్లు ఆరో బావికే తెలుసుకుంటారు. తడిసిన జీన్సు బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి. ముందు ఉప్పునీళ్లలో తడిసింది కాబట్టి మంట ఇంకా ఎక్కువ. పట్టుచీరా వద్దు, పలచటి తెల్ల నూలూ వద్దు. ముదురు రంగు కాటన్ చుడీదారో, సింథటిక్ కలిసిన చీరో ఆడవాళ్లకి సుఖం. చున్నీకి, పైటకి పిన్నులు పెట్టుకుంటే నీళ్ల దెబ్బకి జారవు. మగవాళ్లు పంచె కట్టుకుంటే లోపల నిక్కరు, పైన నడుముకి తువ్వాలు బిగించాలి. ఇరవై రెండుసార్లు నీళ్లు పడ్డ పంచె ముడి ఎంత గట్టిదైనా వదులవుతుంది.

రెండోది నేల. నల్లరాయి, తరతరాల పాదాలకి నున్నబడింది. దాని మీద నిత్యం నీళ్లు, పైగా తలనూనె. తలకి నూనె పెట్టుకుని వచ్చే ప్రతి మనిషీ వెనకొచ్చేవాళ్లకి ఒక అడుగు జారుడు మిగిల్చి వెళ్తారు. బావికీ బావికీ మధ్య పరుగెత్తుకెళ్లడం గ్రూపు యాత్రలవాళ్ల అలవాటు. పడేది అక్కడే. గోడవారగా, పాదం మొత్తం ఆన్చి నడవాలి. పెద్దవాళ్లకి పట్టుకోవడానికి అన్నిచోట్లా ఊతం ఉండదు, పక్కన మనిషి ఉండాల్సిందే. ఈ ఒక్క విషయంలో ఈ సేవకి మార్కులు తగ్గించక తప్పదు.

మూడోది చిన్న చిన్న సామాన్లు. చెవి మిషను పెట్టుకునేవాళ్లు లాడ్జిలోనే తీసి పెట్టి రావాలి. కాంటాక్టు లెన్సులు కూడా. కళ్లజోడుకి వెనక తాడు కట్టుకోకపోతే మూడో బావిలో పోసిన నీళ్లతోనే పోతుంది. జూకాలు విప్పేయండి. సెల్‌ఫోను గుళ్లోకి రానివ్వరు, తీసుకెళ్తే దాచడానికి మళ్లీ ఇంకో వరుస. ఇంట్లో అయిదుగురుంటే నలుగురు స్నానానికి వెళ్లి, ఒకరు పొడిబట్టల సంచితో బయట ఉండి, తర్వాత మారడం అన్నిటికంటే సులువైన ఏర్పాటు. చెప్పులు లాడ్జిలోనే వదిలేస్తే సగం తలనొప్పి తీరుతుంది. పొద్దున్నే అయితే వీధి చల్లగానే ఉంటుంది. పది దాటాక మాత్రం తారు కాలుతుంది.

తడిబట్టలతో మూలవిరాట్టు దర్శనానికి వెళ్లనివ్వరు. స్నానం అయ్యాక బట్టలు మార్చుకునే గదులున్నాయి, ఆడవాళ్లకి వేరుగా. రద్దీ వేళ ఆ గదుల్లో నిలబడడానికే చోటుండదు. అందుకని లాడ్జి దగ్గర్లో ఉన్నవాళ్లు గదికెళ్లి మార్చుకుని, టిఫిను చేసి, నింపాదిగా దర్శనానికి రావడం మంచిది. స్ఫటిక లింగ దర్శనం తెల్లవారుజామున అయిదు నుంచి ఆరు దాకా మాత్రమే. దానికి టికెట్టు వేరు. దానికీ పొడిబట్టలే కావాలి కాబట్టి వరస ఇలా పెట్టుకోవాలి: గదిలో స్నానం చేసి ముందు స్ఫటిక లింగం, ఆ తర్వాత సముద్రం, బావులు, బట్టల మార్పు, ప్రధాన దర్శనం. తలకిందులు చేస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది. లోపల పూజ ముందు హనుమంతుడు కైలాసం నుంచి తెచ్చిన విశ్వలింగానికి, తర్వాతే సీతమ్మ ఇసుకతో చేసిన రామలింగానికి. ఆలస్యంగా వచ్చినవాడికి ముందు మర్యాద చేసే గుడి ఇది.

బావుల పేర్లు చదువుకుంటూ వెళ్తే నడక విసుగనిపించదు. మహాలక్ష్మితో మొదలై కోటి తీర్థంతో ముగుస్తుంది. రాముడి అంబులపొదిలో 22 బాణాలుండేవని, ఒక్కో బాణానికి ఒక్కో తీర్థమని చెబుతారు. మధ్యలో గంధమాదన, గవాక్ష, గవయ, నల, నీల అని వరసగా అయిదొస్తాయి. రామాయణం విని పెరిగినవాళ్లకి వారధి కట్టిన వానర సైన్యం హాజరు పిలిచినట్టుంటుంది. సేతుమాధవ తీర్థం ఒక్కటి బావి కాదు, కోనేరు. గంగ, యమున, గయ మూడూ దగ్గర దగ్గరే. అవన్నీ కాక నడిచే దారే ఒక పెద్ద వస్తువు. మూడో ప్రాకారంలో 1,212 స్తంభాలు రెండు పక్కలా నిలబడి ఉంటాయి. తడిబట్టలతో వణుకుతూ ఆ వరుస పొడుగునా చూస్తే చివర కనిపించదు.

నీళ్లు నిజంగానే బావికో రుచి. కొన్ని చప్పగా తియ్యగా ఉంటే, ఒకటి రెండిట్లో లేత ఉప్పదనం తగులుతుంది. ఇందులో మహిమ ఎంతన్నది ఎవరి నమ్మకం వారిది. భూమి లోపల జరిగేది మాత్రం చెప్పొచ్చు. ఈ దీవి అంతా ఇసుక. పడ్డ వాన పడ్డట్టే ఇంకిపోతుంది. కింద ఉన్న సముద్రపు నీళ్లు మంచినీళ్ల కంటే కొంచెం బరువు, వందకి రెండున్నర పాళ్లు. అందుకని ఇంకిన వాననీళ్లు దాని మీద తేలుతూ మధ్యలో లావుగా, అంచుల్లో పలచగా కటకం ఆకారంలో నిలుస్తాయి. సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీళ్లు నిలిస్తే, కింద సుమారు నలభై అడుగుల మందాన మంచినీళ్ల పొర ఉంటుందని లెక్క. చేదతో తోడితే పైపై నీళ్లే వస్తాయి, పొర చెదరదు. అదే లోతుగా బోరు దింపి మోటారుతో లాగితే కింది ఉప్పు పైకెక్కుతుంది. లాడ్జి బాత్రూములో సబ్బు నురగ రాకపోవడానికి కారణం చాలాచోట్ల ఇదే. గిలక కూడా లేని చేద పాతకాలపు చాదస్తం అనుకునేవాళ్లు ఒకసారి ఈ లెక్క చూడాలి. ధనుష్కోటి దగ్గర బెస్తవాళ్ల ఆడవాళ్లు ఇసుకలో చేత్తో చిన్న చెలమ తవ్వి, గిన్నెతో మెల్లగా తోడుకునే మంచినీళ్లదీ ఇదే సూత్రం. కాస్త లోతు ఎక్కువైతే ఉప్పు. తంగచ్చిమడం దగ్గర విల్లూండి తీర్థం అయితే ఏకంగా సముద్రంలోనే ఉంది. చిన్న వంతెన మీద నడిచి వెళ్లి తోడుకుని తాగి చూడొచ్చు.

ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తుంది కాబట్టి సంక్రాంతి రోజుల్లో బావులు నిండుగా ఉంటాయి, చేద నాలుగు లాగుళ్లలో పైకొస్తుంది. మే నెలలో నీళ్లు దిగుతాయి. లాగుళ్లు పెరుగుతాయి, వరుస నెమ్మదిస్తుంది. నీళ్ల పరంగా జనవరి, ఫిబ్రవరి మేలు. జనం పరంగా చూస్తే లెక్క వేరు. కార్తీకం నుంచి మకరజ్యోతి దాకా మన అయ్యప్పలు శబరిమల దారిలో ఇక్కడ ఆగుతారు. ఆడి అమావాస్య (జూలై-ఆగస్టు), తై అమావాస్య (జనవరి-ఫిబ్రవరి), మహాలయ అమావాస్యలకి పితృకార్యాల కోసం తమిళనాడు మొత్తం దిగినట్టుంటుంది. ఆ మూడు అమావాస్యలకీ ముందురోజు, మర్నాడు కూడా వెళ్లొద్దు. శివరాత్రి సంగతి చెప్పేదేముంది. సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చే మామూలు మంగళవారమో బుధవారమో పట్టుకుంటే ఈ స్నానానికి నిస్సంకోచంగా అయిదుకి అయిదు ఇవ్వొచ్చు. డిసెంబరు ఆదివారం అయితే రెండున్నర.

స్నానమయ్యాక ఆకలి మామూలుగా ఉండదు. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో శాకాహారమే. ఇడ్లీ, వడ, పొంగలి ఎక్కడైనా బాగుంటాయి. చన్నీళ్లలో అంతసేపు నిలబడి వచ్చిన ఒంటికి మిరియాల పొంగలి చేసే మేలు దోసె చెయ్యదు. చట్నీల్లో కారం మన లెక్కకి తక్కువ. గట్టిగా కావాలంటే ఇడ్లీ పొడి అడిగి నూనె వేయించుకోవాలి. మధ్యాహ్నం భోజనంలో మనవాళ్లు తడబడేది అన్నం దగ్గర. చాలాచోట్ల ఉప్పుడు బియ్యం వండుతారు, లావుగా, విడివిడిగా ఉంటుంది. ‘పచ్చరిసి సాదం ఉందా’ అని ముందే అడిగితే మన అన్నం దొరుకుతుంది. పప్పు వేరేగా రాదు. పరుప్పు పొడి, నెయ్యి ఉంటాయి, వాటితో మొదలుపెట్టి సాంబారు, వత్తకుళంబు, రసం, మజ్జిగ వరసన వెళ్లాలి. వత్తకుళంబు అంటే ఎండబెట్టిన సుండకాయలు, అంటే మన ఉస్తికాయలు, వేసిన పులుసు. మన పులుసులు ఇష్టమైనవాళ్లకి ఇది తప్పకుండా నచ్చుతుంది. తెలుగు అక్షరాల్లో ‘ఆంధ్రా భోజనం’ అని బోర్డులు చాలానే కనిపిస్తాయి. ఆవకాయ, ముద్దపప్పు మీద ప్రాణం పెట్టుకున్న పెద్దవాళ్లుంటే వెళ్లండి, లేకపోతే ఈ ఊరికి వచ్చి అక్కడ తినడం ఎందుకు?

చేపలు కావాలంటే గుడి వీధులు దాటాలి. పాంబన్ వైపో, ధనుష్కోటి దారిలో పాకల్లోనో వేయించి పెడతారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పెద్ద మరపడవలు వారంలో మూడు రోజులే సముద్రంలోకి వెళ్తాయి. మిగతా నాలుగు రోజులూ నాటుపడవలవి. మరపడవలు సాయంత్రానికి తిరిగి రావు, రాత్రంతా వేటాడి మర్నాడు పొద్దున వస్తాయి. చేపల సందడి ఆ పొద్దునే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరమంతా మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద వంజరం ముక్క చౌకగా పెట్టారంటే అది ఐసులోదో, మరో తీరానిదో అయ్యుంటుంది. నాటుపడవల నెత్తళ్లు, పీతలు అడగండి, అవి తాజావి.

శంఖాల కొట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మనవాళ్లు ఎక్కువ మోసపోయేది అక్కడే. ఊదే శంఖం కొనాలంటే కొట్లోనే ఊది చూడాలి. మొన కోసిన చోట అంచు నున్నగా, పెదవికి గుచ్చుకోకుండా ఉండాలి. పురుగు తొలిచిన రంధ్రాలకి లక్కో మైనమో పూడ్చి అమ్ముతారు. ఎండకి ఎత్తి చూస్తే మంచి శంఖం గోడ పలచటి చోట వెలుగు సమంగా వస్తుంది, పూడ్చిన చోట మచ్చలా నిలుస్తుంది. పాలరాయిలా మెరిసేది గొప్పదని అనుకోవద్దు. ఆసిడ్‌తో కడిగి పైపొర తీసేస్తే ఆ మెరుపు వస్తుంది, గోడ పలచబడుతుంది.

ఇక వేలల్లో ధర చెప్పే దక్షిణావర్త శంఖం. తమిళంలో వలంపురి. పొడవాటి తోకని పైకి పెట్టి, నోరు మనవైపు తిప్పి పట్టుకుంటే మామూలు శంఖం నోరు మన ఎడమచేతి వైపు తెరుచుకుంటుంది, దక్షిణావర్తం కుడివైపు. అసలైనది లక్షల్లో ఒకటి దొరికినా దొరికినట్టే. కొట్లో కుప్పగా పోసి ఉన్నాయంటే అవి మన సముద్రపు శంఖాలే కావు. అమెరికా అట్లాంటిక్ తీరంలో పుట్టుకతోనే అటు తిరిగి ఉండే వేరే జాతి నత్త ఒకటుంది, దాన్నే తెచ్చి అమ్ముతారు. తేడా పట్టడం తేలిక. నోట్లోకి వేలు పెట్టి లోపలి కాడని తడిమి చూడండి. నిజమైన శంఖానికి అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు మెట్లలా తగులుతాయి. ఆ విదేశీ నత్తకి కాడ నున్నగా ఉంటుంది. మడతలు లేనిదాన్ని షోకేసులో పెట్టుకోవడానికి రెండు మూడు వందలిచ్చి కొంటే తప్పులేదు, పూజగదికని వేలు పొయ్యొద్దు. పగడపు దిబ్బ ముక్కలు, ఎండిన సముద్రపు గుర్రాలు ఎవరైనా చాటుగా చూపిస్తే దూరంగా జరగండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి కొన్నా కేసే. దగ్గర్లోనే 21 దీవుల మన్నార్ సింధుశాఖ జాతీయ వనం ఉంది, తనిఖీలు ఉత్తుత్తివి కావు.

ఇంటికి తీసుకెళ్లడానికి శంఖం కంటే తాటిబెల్లం మేలు. కరుప్పట్టి అని అడగాలి. మంచిదానికి చిన్న ఉప్పదనం, పొగవాసన ఉంటాయి. చక్కెర కలిపింది నాలిక మీద పెట్టగానే తీపి కొడుతుంది, ఆ వెనక ఏమీ ఉండదు. తాటాకు పెట్టెలు కూడా బాగుంటాయి. అల్లిక మూలల దగ్గర బిగువుగా ఉందో లేదో వేలితో నొక్కి చూస్తే చాలు.

కాశీ యాత్ర చేసొచ్చి గంగాజలంతో అభిషేకం చేయించేవాళ్లకి ఒక హెచ్చరిక: రాగి, ఇత్తడి, కంచు చెంబుల్లో తెచ్చిన గంగనే తీసుకుంటారు. ఇనుము, రేకు డబ్బాలు పనికిరావు. ప్లాస్టిక్ సీసాలో తెచ్చినవాళ్లు కూడా ఇంటి నుంచే రాగి చెంబు తెచ్చుకుంటే గుమ్మం దగ్గర పరుగులు తప్పుతాయి. ఇక్కణ్ణించి ప్రయాగకి ఇసుక తీసుకెళ్లాలనుకునేవాళ్లు పిడికెడు తీసుకుంటే సరిపోతుంది, సంచులు నింపక్కర్లేదు. కోటితీర్థం నీళ్లు సీసాల్లో ఇంటికి తెచ్చుకోవచ్చు.

రావడం పోవడం ఇప్పుడు సులువైంది. 1914 నాటి పాత పాంబన్ వంతెన మీద రైళ్లు 2022 డిసెంబరులో ఆగిపోయాక రెండేళ్లకి పైగా అందరూ వంతెనకి ఇవతల మండపం అనే ఊళ్లోనో రామనాథపురంలోనో దిగి రోడ్డున రావాల్సొచ్చింది. 2025 ఏప్రిల్ 6న కొత్త వంతెన తెరిచారు. ఓడ వచ్చినప్పుడు మధ్యనున్న 72.5 మీటర్ల ముక్క నిలువుగా 17 మీటర్లు పైకి లేస్తుంది. తిరుపతి నుంచి నేరుగా రైలు ఉంది. మధురై మీదుగా వచ్చేవాళ్లకి రోడ్డున 170 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రికి చేరి, పడుకుని, తెల్లారి నాలుగింటికి లేవడం ఈ స్నానానికి సరైన పద్ధతి. తెల్లవారుజామున దిగి సామాన్లతో నేరుగా సముద్రానికి వెళ్లేవాళ్ల అవస్థ రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ధనుష్కోటిని రెండో పూటకి ఉంచుకోవాలి. 1964 డిసెంబరు తుపానులో పోయిన రైల్వేస్టేషను, చర్చి మొండిగోడలు చూసి, రోడ్డు ఆగిపోయే అరిచల్‌మునై దాకా వెళ్లి, పొద్దు వాలేలోపు వెనక్కి రావాలి. చీకటి పడ్డాక అటు ఉండనివ్వరు.

ఒక్క పూటలో స్నానం, దర్శనం ముగించుకుని మధురై బస్సెక్కేవాళ్లకి ఊరు కనిపించదు. యాత్రికుల బస్సులు వెళ్లిపోయాక సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రామేశ్వరం మళ్లీ తన మామూలు ఊరవుతుంది. పొద్దున్న చేద పట్టినవాళ్లు రథవీధి టీకొట్టు దగ్గర తాళ్ల పీచు సరిచేసుకుంటూ కూర్చుంటారు. గర్భగుడి అర్చకులు మహారాష్ట్ర నుంచి తరాల కింద వచ్చిన కుటుంబాలవాళ్లు. ఇంట్లో మరాఠీ, వీధిలో తమిళం, మనతో అవసరమైనంత తెలుగు. కొద్ది దూరంలో మసీదు వీధిలో అబ్దుల్ కలాం పెరిగిన ఇల్లుంది. ఆయన తండ్రి యాత్రికుల్ని పడవలో ధనుష్కోటికి దాటించిన మనిషి. కలాం ఇల్లు చూడ్డానికి అరగంట చాలు, పై అంతస్తులో ఉన్న కొట్టు దాటి దిగిరావడానికే ఇంకో అరగంట పడుతుంది. శ్రీలంకకి చెందిన కచ్చతీవు దీవిలో అంతోనియార్ (సెయింట్ ఆంథొనీ) చర్చి పండగ వచ్చిందంటే పడవల రేవులో వేరే సందడి. మన కుల సంఘాల సత్రాల్లో రాత్రి పెందలాడే దీపాలు ఆర్పేయొచ్చు. కాబట్టి షికారు దానికి ముందే ముగించుకోవాలి.

వీలైతే శుక్రవారం రాత్రి ఉండేలా చూసుకోండి. ఆ రోజు పర్వతవర్ధిని అమ్మవారిని బంగారు పల్లకిలో మూడో ప్రాకారం చుట్టూ తిప్పుతారు. టికెట్టు లేదు, తోపులాట లేదు. ఊరి ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని పొడిబట్టలతో, తీరిగ్గా, పొద్దున మనం జారిపడబోయిన ఆ రాళ్ల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటారు. పల్లకి దగ్గరికొచ్చినప్పుడు లేస్తారు, దాటాక మళ్లీ కూర్చుని ఆగిన చోటి నుంచి కబుర్లు మొదలుపెడతారు. మీరు కూడా ఒక స్తంభం చూసుకుని కూర్చోండి, కానీ ఎనిమిదిలోపే వెళ్లండి.